పదకొండేళ్ల కిందటి వయల్

అక్కా,

ఫోన్లో చెప్తే మధ్యలో అడ్డొస్తావు. వెనకనుంచి బావ "ఏమంటోంది?" అని గొడవ. అందుకే రాస్తున్నాను. నింపాదిగా చదువు, చదివాక చించెయ్యి.

ఆ సంస్థవాళ్లు నాకు సొంత ల్యాబ్ ఇస్తామన్నారని నీకు తెలుసు. బావ అప్పుడే ఊరంతా చాటేశాడనీ తెలుసు. ఏడేళ్లుగా నేను పోస్ట్‌డాక్‌ని. అంటే డాక్టరేటు చేతికొచ్చాక కూడా ఇంకొకరి ల్యాబ్‌లో పనిచేస్తూ ఇంకా నేర్చుకుంటున్నానని చెప్పుకోవడం. నువ్వన్నట్టు, పెళ్లయ్యాక కూడా పెళ్లిచూపులకి కూర్చోవడం. ఇప్పుడు రాసిన పరిశోధన పేపర్ అచ్చయితే ఆ కూర్చోవడం ముగుస్తుంది. అచ్చుకాకపోతే ఉద్యోగం లేదు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషిని పిలిచి ఇంకో ల్యాబ్ ఇచ్చేవాళ్లు మా రంగంలో తక్కువ.

పేపర్ ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద. ఒక మందు ఆ కణాల్ని ఎలా చంపుతుందో నాలుగేళ్లు చూశాను. ఎప్పుడో ఒక రోగి నుంచి తీసిన కణాలు ఫ్లాస్కుల్లో అలా పెరుగుతూనే ఉంటాయి. రెండు మూడు రోజులకోసారి మీడియం, అంటే వాటి తిండి, మార్చాలి. అచ్చువేసే ముందు పత్రికవాళ్లు ఆ కణాల గుర్తింపు పరీక్ష కాగితం అడిగారు. ఎందుకైనా మంచిదని ముందుగా నేనే ఒకసారి చేయించాను. అవి ఊపిరితిత్తులవి కావక్కా. పేగు క్యాన్సర్ కణాలు.

ఎలా జరిగిందో వెంటనే తట్టింది. చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం రెండు రకాల కణాలకీ ఒకే సీసాలోంచి మీడియం పోశాను. ఒక్కో రకానికి ఒక్కో సీసా అని మాకు మొదటిరోజే చెప్తారు. ఆరోజు మీటింగుకి ఆలస్యమైంది, తొందరపడ్డాను. పేగు కణాలు ఒకటో రెండో అటు పడితే చాలు, కలుపు మొక్కల్లా పెరుగుతాయి. కొన్నాళ్లకి అసలువి ఉండవు. మైక్రోస్కోపులో నా కళ్లకి తేడా తెలియలేదు.

ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలీదు. ఒక దారి ఉంది. మా పెద్దాయన, అదే మా ల్యాబ్ నడిపే సారు, పదకొండేళ్ల కిందట ఇవే కణాల్ని వయల్‌లో, అంటే బుల్లి సీసాలో పోసి, తన చేత్తో పేరు రాసి, నైట్రోజన్ ట్యాంకులో గడ్డకట్టించి దాచారు. నా చెయ్యి తగలని కణాలవి. వాటిని కరిగించి, పెంచి, నేను వాడినవి ఇవే అని పరీక్షకి పంపిస్తాను. కాగితం వస్తుంది, పేపర్ వస్తుంది. కోర్టులో రోజూ అబద్ధపు సాక్ష్యాలు టైపు కొట్టేదానివి, నీకు ఇదేం కొత్త కాదనుకుంటాను. నాకు మాత్రం కొత్తే.

తిట్టాలనిపిస్తే తిట్టు.

నీ పిచ్చుక

*

అక్కా,

నీ ఉత్తరం అందింది. నేను రాసినదానికంతా కలిపి "నీ ఇష్టం" అని ఒక్క ముక్క. తిట్టి ఉంటే బావుండేది.

పాత వయల్ ఫలితం వచ్చింది. అవీ పేగు కణాలే. నేను ఆ గడప తొక్కకముందే, పదకొండేళ్ల కిందటే అవి మారిపోయి ఉన్నాయి. ఆ మధ్యాహ్నం నేను పాడుచెయ్యడానికి అసలువంటూ అక్కడ లేవు. కాగితం చూసి కాసేపు హాయిగా కూర్చున్నాను. నా పొరపాటు వల్ల ఏమీ కాలేదని ఎవరికైనా చెప్పాలనిపించింది. ఆ తర్వాత, అసలు ఆ వయల్ ఎందుకు పంపానో గుర్తొచ్చింది.

రెండు కాగితాలూ పట్టుకెళ్లి పెద్దాయన బల్లమీద పెట్టాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

"నా వయలేనా ఇది?"

"అవును సార్."

"అంటే ఈ కణాలతో మనం అచ్చువేసినవన్నీ..." అని ఆగిపోయారు. తర్వాత తలెత్తి, "పత్రికవాళ్లు అడిగింది ఇప్పటి కణాలు కదా. తప్పు ఎప్పుడు మొదలైందో తేల్చాలనే పాతది తీశావు, అవునా?" అన్నారు.

అక్కా, జవాబు ఆయనే అందించారు. "అవును సార్" అన్నాను.

"మంచి పని చేశావమ్మా. పేపర్ పోతేపోయింది. ఆ సంస్థవాళ్లకి నేను రాస్తాను. ఇంత నిజాయితీపరురాలు మళ్లీ దొరకదని రాస్తాను."

రాశారు కూడా. మర్నాడు నకలు నాకు పంపారు. రెండుసార్లు చదివాను. అందులో ఉన్న మనిషి నాకు నచ్చింది. ఆమెనైతే ఆ సంస్థవాళ్లు పేపర్ లేకపోయినా తీసుకునేవాళ్లే. సిగ్గేసింది. లేచి ఆయన గదికి వెళ్లి, తలుపు దగ్గరే నిలబడి చెప్పేశాను.

"సార్, ఆ వయల్ నేను మోసం చెయ్యడానికి తీశాను. సరైన ఫలితం వచ్చుంటే మీకసలు చెప్పేదాన్ని కాదు."

"ఇప్పుడెందుకు చెప్తున్నావు? నేను నమ్మాను కదా," అన్నారు.

"మీరు నమ్మారనే సార్."

ఉత్తరం వెనక్కి తీసుకున్నారు. పాత పేపర్లన్నీ తప్పని పత్రికలకి ఆయనే రాశారు, పేరు పేరునా. నా సంగతి ఆ సంస్థవాళ్లకి నేనే రాశాను. రెండు మర్యాదైన వాక్యాల్లో జవాబిచ్చారు, ఉద్యోగం లేదని. బావకి నువ్వే చెప్పు, నా వల్ల కాదు.

నిన్న పెద్దాయన పిలిచి, ట్యాంకులో ఉన్న వయల్స్ అన్నీ ఒక్కొక్కటే పరీక్ష చెయ్యాలి, ఏడాది పని, ఉంటావా అని అడిగారు. ఉంటానన్నాను. ఒక షరతు పెట్టారు. ప్రతి ఫలితం మీదా నా సంతకం పక్కన ఇంకొకరి సంతకం ఉండాలట. అది లేని కాగితం చెల్లదట. నా మొహం చూడకుండా, కిటికీవైపు చూస్తూ చెప్పారు.

ఏడుపొచ్చింది. సరేనన్నాను.

నీ చెల్లెలు