తప్పిపోయిన తెల్లదొరల పటాలం

శంషాబాద్,
మంగళవారం

లోహచిత్రాల కంపెనీ వారికి భారతమ్మ దండాలు. మీరంతా సల్లగా ఉండాలి.

నిన్నటి పొద్దు మామూలు పొద్దే. వాకిట్లో సానిపి చల్లి ముగ్గేశాను. తులసికి నీళ్లు పోశాను. మా డాబా మీదుగా మొదటి విమానం పోయింది, వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. పూజ సామాను నల్లా దగ్గర వేసుకుని చింతపండు, ఇటుక పొడి, కొబ్బరి పీచుతో తోముతున్నాను. అప్పుడు మీ పెట్టె వచ్చింది.

మా చిన్న తమ్ముడు రాఘవేందర్ విమానాశ్రయం రోడ్డు మీద టిఫిన్ హోటల్ పెడుతున్నాడు. వచ్చే వారం శుక్రవారం ప్రారంభం. ఇంతకుముందు పెట్టిన రెండు దుకాణాలూ నిలవలేదు. ఇదైనా నిలవాలని నా మొక్కు. గుమ్మానికి ఎదురు గోడకు రేకు మీద అచ్చేసిన పాతకాలం యుద్ధం బొమ్మ మీ దగ్గర తెప్పించాడు. "అక్కా, ఆ గోడ ఖాళీగుంటే లోపలికొచ్చినోడు గట్లనే ఎనక్కి పోతడు. బొమ్మ రాంగనే జర తుడిచి పెట్టు" అని నాకు అప్పజెప్పాడు.

రేకు కుడి సగం బాగుంది. తలపాగాల వాళ్లు, ఏనుగు, ఫిరంగి. ఎడమ సగమంతా ఎర్రగా తుప్పు. అద్దాలు పెట్టుకోకుండానే కనిపించిందంటే ఎంత పట్టి ఉండాలి! వదిలించాను. తీరా చూస్తే కింద బొమ్మే లేదు. తలపాగాల వాళ్లు కత్తులు దూసి ఎవరి మీదికి పోతున్నారో తెలియడం లేదు.

మిగతా సగం ఎప్పుడు పంపుతారు?

దేవుడు మీ మిషన్లను కాపాడాలి.
భారతమ్మ

మరిచాను: మీకు ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటున్నారు. ఉత్తరానికి ఆ బాధ లేదు. ఏనుగు బాగుంది.

*

బడంగ్‌పేట్,
గురువారం

గౌరవనీయులైన భారతమ్మ గారికి,

మీ లేఖ అందింది. మా చిత్రాలు తుప్పు పట్టవని సవినయంగా తెలియజేస్తున్నాము. ఈ విషయంలో పదేళ్ల హామీ కలదు.

మీ చిత్రంలో కుడివైపు కోట సైన్యం, ఎడమవైపు తెల్లదొరల పటాలం ఉండవలెను. పటాలం లేదని ఇంతవరకు ఏ ఖాతాదారూ ఫిర్యాదు చేయలేదు. దయచేసి మంచి వెలుతురులో మరొకసారి పరిశీలించగలరు.

ఎల్లప్పుడూ మీ సేవలో,
శ్రావణ్‌కుమార్
ఖాతాదారుల సేవా విభాగం

తా.క.: దొరలు కొంచెం దూరంగా నిలబడి చూస్తే బాగా కనబడతారు.

*

శంషాబాద్,
శనివారం

శ్రావణ్‌కుమార్ బాబుకు ఆశీస్సులు.

డాబా మీదికి ఎక్కించి ఎండలో చూశాము. దగ్గరగా చూశాము, దూరంగా చూశాము. దొరలు లేరు. మాకు మా ముఖాలే కనిపించాయి.

రాఘవేందర్ చాలాసేపు చూసి, "అక్కా, మనోళ్లు గాలితోని కొట్లాడుతున్నరేందే?" అన్నాడు. నవ్వలేదు. హోటల్‌కు బోర్డు రాసే పెయింటర్ కూడా ఇంకా రాలేదు. వాడు పరేషాన్‌లో ఉన్నాడు.

బాబూ, పటాలం మీ దగ్గర్నుంచి బయలుదేరిందా లేదా, అది చెప్పు. శుక్రవారం ముందు చేరాలి.

మీ ఇంటిల్లిపాదికీ మేలు జరగాలి.
భారతమ్మ

మరిచాను: మా మరదలు రేఖ ఆ ఖాళీ సగం ముందు నిలబడి తల దువ్వుకుంటోంది. అద్దంగా అయితే వంక పెట్టనక్కర లేదు.

*

బడంగ్‌పేట్,
సోమవారం

గౌరవనీయులైన భారతమ్మ గారికి,

మీ ఫిర్యాదును పై అధికారుల దృష్టికి తీసుకువెళ్లాము. పటాలం మా ఫ్యాక్టరీ నుంచి క్షేమంగా బయలుదేరినట్టు ప్యాకింగ్ ఫొటోలో స్పష్టంగా ఉన్నది. దారిలో ఏమైనదో విచారిస్తున్నాము. మామిడిపల్లి గోదాములో కూడా వెతికించాము. అక్కడ దొరలెవరూ లేరు.

అచ్చు విభాగంలోని మనీషా గారిని సంజాయిషీ అడిగాము. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుని, "సార్, నేను దొరల మీసాలు గూడ చూసి పంపిన. ఎవ్వల్ల మీదనన్న ఒట్టు పెట్టుమన్రి, పెడత" అన్నారు. విచారణ ముగిసేవరకు ఆమెను డ్యూటీకి రావద్దన్నాము.

మా మేనేజర్ గారి సందేహం ఒకటి ఉన్నది. అన్యథా భావించవద్దు. తెల్లదొరల బొమ్మ వల్ల తమ దేశభక్తి నొచ్చుకున్నదా? తమరు ఏదైనా సంఘంలో ఉన్నారా? అటువంటిది ఉంటే ముందే క్షమాపణ చెప్పుకుంటున్నాము.

కొత్త చిత్రం ఉచితంగా పంపుతున్నాము. బుధవారం చేరగలదు.

వినమ్రతతో,
శ్రావణ్‌కుమార్

తా.క.: ఈసారి దొరలను రెండు పొరల అట్టలో భద్రంగా చుట్టాము.

*

శంషాబాద్,
బుధవారం

శ్రావణ్‌కుమార్ బాబుకు ఆశీస్సులు.

ఈ ఉత్తరం మనీషా ముందు గట్టిగా చదువు. తర్వాత మీ మేనేజర్ ముందు చదువు.

నేను ఏ సంఘంలోనూ లేను. శనివారాలు గుడికి పోతాను, అంతే.

కొత్త రేకు పొద్దున వచ్చింది. విప్పి చూస్తే మళ్లీ అదే చోట, అదే తుప్పు. మీ వాళ్ల మీద జాలి వేసింది. చింతపండు నానబెట్టాను, పీచు చేతిలోకి తీసుకున్నాను. రేఖ గబగబా వచ్చి నా చేయి పట్టుకుంది.

"వదినె, జర ఆగున్రి. గీ తుప్పుకు మీసాలున్నయి."

అద్దాలు తెప్పించుకుని చూశాను. తుప్పుకు మీసాలున్నాయి. టోపీలున్నాయి. బూట్లున్నాయి. ఒక తుప్పు గుర్రం మీద కూడా కూర్చుంది. దొరల కోట్లు అంత ఎర్రగా ఉంటాయని నాకెవరు చెప్పారు?

మీ పటాలం తప్పిపోలేదు బాబూ. నేనే తోమేశాను. దేవుడి కుందులు తోమినట్టే శ్రద్ధగా, నామజపం చేసుకుంటూ తోమాను. ఒక్క దొరా మిగల్లేదు.

మనీషా తప్పేమీ లేదు. ఆమెను రేపే పనిలోకి పిలవండి. పిలిచినట్టు ఆమె చేత్తోనే నాకు ఒక ముక్క రాయించండి. అది వచ్చేదాకా నా మనసు కుదుటపడదు.

రాఘవేందర్‌కు జరిగింది చెప్పాను. వాడు నన్ను చూశాడు, రేకును చూశాడు, మెట్ల మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. వారం రోజులైంది వాడు నవ్వి.

సాయంత్రం అందరం హోటల్లో కూర్చున్నాము. ఏ రేకు పెట్టాలన్నది మాట. కొత్తదే పెడదామన్నాను. రేఖ ఒప్పుకోలేదు. "పొద్దుగాల్నే ఇడ్లీ తినేటోనికి గీ చంపుకునుడు ఎందుకు? పెయింటరైతే ఇగ రాడు. ఖాళీ జాగల టిఫిన్ల పేర్లు మనమే రాద్దాం" అంది. రాఘవేందర్ రంగు తెచ్చి, తోమిన సగం మీద ఇడ్లీ, వడ, దోశ, ఉప్మా అని రాశాడు. దూరం జరిగి చూశాము. కత్తులు దూసిన సైన్యమంతా టిఫిన్ల మీదికి ఉరుకుతోంది. ఆకలైన వాళ్లు అట్లాగే వస్తారు. ఇంతకన్నా మంచి శకునం నేనెక్కడ వెతకను?

గుమ్మానికి ఎదురుగా పాత రేకే పెట్టాలని ఇంట్లో తీర్మానించాము. కొత్తది చింతపండు తగలకుండా మీకు తిరిగి పంపుతున్నాము. శుక్రవారం నువ్వూ మనీషా తప్పక రండి.

మీకు సకల శుభాలు కలగాలి.
భారతమ్మ

మరిచాను: ఫిరంగి గొట్టం సరిగ్గా ఉప్మా వైపే ఉంది. దాని జోలికి ఎవరూ పోరని రాఘవేందర్ దిగులు. ఉప్మా చెరిపి అక్కడ పూరీ రాయాలని కూడా ఈ సాయంత్రమే నిర్ణయించాము.