నేను మార్చిన మీట

12 మే 1988, గురువారం. పగలంతా వడగాలి. పొద్దున్నే కంప్యూటర్ మీద దుమ్ము తుడిచాను.

మా మామిడి ఎగుమతి ఆఫీసులో ఉత్తరాలు టైపు చేసే సరోజినిగారు విజయవాడలో ఉద్యోగ పరీక్ష రాసి వచ్చారు.

"పేజీ అంతా అయ్యాక, సేవ్ చేద్దామని ఇక్కడ నొక్కినట్టే కంట్రోల్, వై నొక్కానండీ. నొక్కినప్పుడల్లా ఒక లైను పోయింది. ఏంటమ్మా, ఎక్కడ నేర్చుకున్నావని అక్కడివాళ్ళు నవ్వారు."

అవి అసలు లైను చెరిపే మీటలే. పొరపాటున వేలు తగిలి ఆవిడ ఉత్తరాలు పాడవుతుంటే, పుస్తకం చూసి చిన్న ప్రోగ్రాం రాసి, వాటిని నొక్కితే సేవ్ అయ్యేలా మార్చాను. సేవ్ చేయాలంటే ఇవి నొక్కమన్నానే తప్ప, మార్చానని చెప్పలేదు. గొప్పలు పోయినట్టుంటుందని ఊరుకున్నాను. ఇప్పుడు ఆ సంగతి చెప్పాను.

"ఒక్క మాట చెప్పాల్సిందండీ," అన్నారు. కోపంగా అనలేదు. సోమవారం మరో అవకాశం ఇస్తారట.

సాయంత్రం నా ప్రోగ్రాం తీసేశాను. ఆవిడ సాధనకు కూర్చున్నారు. ప్రతి ఉత్తరం చివరా వేళ్ళు ఆ మీటల మీదికే వెళ్ళాయి. తప్పు నాదని చెప్పడానికి పక్కనే నిలబడ్డాను.

"ఏదో చెప్పబోయారేంటండీ?"

ఫ్యాను వేయమంటారా అని అడిగాను.