నోరు మూసిన ఫోర్సెప్స్

విశాఖపట్నం,
21 జూన్ 1998

ప్రియమైన మావకు,

నేను క్షేమం. హాస్టలు చారు మాత్రం క్షేమం కాదు. అందులో మిరియం కనబడితే పక్క పిల్లలందరినీ పిలిచి చూపించుకుంటున్నాం.

"పరికరాలు ఉడకబెట్టడానికి ఆరు నెలల సదువేటి" అని నువ్వు స్టేషనులో నవ్వావు కదా. ఇక్కడ మొదటి వారమంతా ఒక్క కత్తెర కూడా ముట్టుకోనివ్వలేదు. మనిషి ఒళ్ళు బొమ్మ గోడకి తగిలించి చర్మం, దాని కింద కొవ్వు, కండ, ఆ కింద పేగుల్ని చుట్టి ఉండే పల్చటి పొర, అన్నీ వరసగా అప్పజెప్పిస్తున్నారు. ఆ పొర పేరు పెరిటోనియం. మేకను కోసినప్పుడు లోపల మెరుస్తుందే, అలాంటిదే. ఆ మాట మా జయశ్రీ మేడంతో అంటే "నీకు సగం పాఠం ఇంటి దగ్గరే వచ్చేసిందమ్మా" అన్నారు.

ఇంకో తమాషా విను. ఆపరేషను పేర్లకి తోక చూస్తే చాలు. చివర 'ఎక్టమీ' ఉంటే కోసి తీసేయడం, 'ఆటమీ' ఉంటే కోసి తెరవడం. హిస్టరెక్టమీ అంటే గర్భసంచి తీసేయడం. మర్నాటి జాబితాలో పేరు చూసి ఏ సెట్టు సిద్ధం చేయాలో కడిగేవాళ్ళమే తెలుసుకోవాలట. పన్నెండేళ్ళుగా నువ్వు డాక్టరుగారిని అడిగి అడిగి తిట్లు తింటున్నది ఇందుకే.

నా చోటులో చేరిన సోని ఎలా ఉంది? పిల్లది, కసరకు.

నీ నిర్మల

*

చింతలగొంది,
26 జూలై 1998

ప్రియమైన నిర్మలకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒకసారి నీకోసం, రెండుసార్లు పేగుల కోసం. పన్నెండేళ్ళుగా ఆపరేషను గది పక్క గదిలో కూర్చుని కడుగుతున్నాను. కడిగినవి ఎక్కడికి వెళ్ళొస్తున్నాయో ఒక్కరోజూ చూడలేదు. ఆ వంకర మూతి పొడుగు ఫోర్సెప్స్ దేన్ని పట్టుకుంటుంది? నాలుకలాంటి వెడల్పు రేకు దేనికి? అడిగి రాయి.

ఇక్కడ మన ఆసుపత్రిలో సంగతులు బాగాలేవు. నువ్వు వెళ్ళాక ఆరు ఆపరేషన్లు జరిగితే నాలుగు గాయాలు చీము పట్టాయి. సోని వాళ్ళ ఊరి యర్రమ్మకు గర్భసంచి తీశారు. ఐదు వారాలైనా కుట్టు మానక, సంతకి వచ్చినట్టు వారం వారం కట్టుకి వస్తోంది. డాక్టరు దేవీప్రసాద్ గారు నన్ను పిలిచి "ధర్మా, ఏం మారింది?" అని అడిగారు. "ఈ సోని గుంట వచ్చాకే బాబూ" అన్నాను. ఉన్నమాటే అన్నాను. కట్టు కట్టే చెయ్యి దానిదే కదా. ఆగస్టు ఆఖరులోగా బాగుపడకపోతే పంపించేస్తానన్నారు. వాళ్ళ ఊళ్ళో నెలజీతం ముఖం చూసిన మొదటి మనిషి సోని. నాకూ జాలిగానే ఉంది, కానీ ఏం చేస్తాం.

నీ ధర్మ

*

విశాఖపట్నం,
4 ఆగస్టు 1998

ప్రియమైన మావకు,

నీ వంకర మూతి ఫోర్సెప్స్ గర్భసంచి పక్కనుండే రక్తనాళాల్ని బిగించి పట్టుకుంటుంది, నెత్తురు కారకుండా. వెడల్పు రేకు రిట్రాక్టరు. కోసిన పొట్టని పక్కకి లాగి పట్టుకుంటే డాక్టరుకి లోపల కనబడుతుంది. ఇంకేమైనా ఉంటే అడుగు, నాకూ సరదాగానే ఉంది.

మనిషికే కాదు, పరికరానికీ ఒళ్ళుంటుందట. ఫోర్సెప్స్‌కి దవడలు, దవడల్లో పళ్ళు, మధ్యన కీలు, వేళ్ళు దూర్చే ఉంగరాలు, వాటి దగ్గర బిగించుకునే మెట్లు. కళ్ళకి శుభ్రంగా ఉన్నది వేరు, సూక్ష్మక్రిమి లేనిది వేరు అని రోజూ చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతున్నారు.

ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు. నేను వచ్చేశాక పరికరాలకి ఆవిరి పట్టే డ్రమ్ము ఎవరు సర్దుతున్నారు? ఫోర్సెప్స్ అందులో ఎలా పెడుతున్నారు?

నీ నిర్మల

*

చింతలగొంది,
12 ఆగస్టు 1998

ప్రియమైన నిర్మలకు,

ఇంకెవరు, నేనే. సోనిని డ్రమ్ము దగ్గరికి రానివ్వలేదు. నీలాగా నోళ్ళు తెరిచి పడేయడం లేదులే. నోరు తెరిచిన కత్తెర ఇంట్లో ఉంటే తగువులొస్తాయని మా అమ్మ అనేది, నీకు వందసార్లు చెప్పాను. విన్నావా? ఇప్పుడు నెత్తురు ఆరకముందే ఒక్కొక్కటీ చివరి మెట్టు దాకా బిగించి, అలాగే కడిగి, డ్రమ్ములో బడిపిల్లల్లా వరసగా పెడుతున్నాను. డాక్టరుగారే చూసి ముచ్చటపడ్డారు.

సోని మాత్రం ఏడుస్తోంది. రోజుకి పదిసార్లు సబ్బుతో చేతులు తోముకుంటోంది. గాయాలు మానడం లేదు.

నీ ధర్మ

*

విశాఖపట్నం,
18 ఆగస్టు 1998

ప్రియమైన మావకు,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చింపేశాను. ఇది మూడోది. సూటిగా చెప్పేస్తాను.

తప్పు సోనిది కాదు. నీది. ఫోర్సెప్స్ నోరు బిగించి ఉంటే పళ్ళ సందుల్లోకీ కీలులోకీ నీళ్ళు పోవు, తర్వాత ఆవిరీ పోదు. ఆవిరి తగలనిచోట క్రిమి చావదు. పాత నెత్తురు అక్కడే ఉండిపోయి, తర్వాత వచ్చిన మనిషి కడుపులోకి పోతుంది. కడిగేటప్పుడూ, డ్రమ్ములో పెట్టేటప్పుడూ నోరు తెరిచే ఉండాలి.

నేను తెలిసి తెరిచి పెట్టానా ఏమన్నా? బద్ధకం, మావా. మూయడానికి ఒళ్ళొంగక అలా వదిలేసేదాన్ని. అందుకే ఇన్నాళ్ళూ గాయాలు మానాయి. నేను రావడం, సోని చేరడం ఒకే నెలలో జరిగాయి కాబట్టి ఆ పిల్ల నెత్తిన పడింది.

నా మాట నమ్మక్కర్లేదు. ఒక ఫోర్సెప్స్ పళ్ళకి పసుపు ముద్ద రాసి, బిగించి, నువ్వు కడిగినట్టే కడుగు. ఇంకొకదానికి అలాగే రాసి తెరిచి కడుగు. రెండూ చూడు. చూశాక బేగి వెళ్ళి డాక్టరుగారికి చెప్పు. నెలాఖరు దగ్గరకొచ్చేసింది.

నీ మీద నాకు చిన్నచూపు లేదు. భయంగా ఉంది.

నీ నిర్మల

*

విశాఖపట్నం,
6 సెప్టెంబరు 1998

మావా,

జవాబు లేదు. కోపమైతే కోపమనే రాయి, పడతాను. సోని ఏమైందో మాత్రం రాయి. పాఠం బుర్రకెక్కడం లేదు.

నిర్మల

*

చింతలగొంది,
14 సెప్టెంబరు 1998

ప్రియమైన నిర్మలకు,

నువ్వు నన్ను తిట్టడానికి కావలసింది ముందు రాస్తాను. నీ ఉత్తరం అందాక మడిచి జేబులో పెట్టుకుని పదిరోజులు తిరిగాను. రెండు నెలల చదువు వచ్చి పన్నెండేళ్ళ పనికి వంక పెట్టిందని మండిపోయాను. ఆ పదిరోజుల్లోనే నెలాఖరు వచ్చింది. సోనిని పంపించేశారు. పెట్టె పట్టుకుని నా గది ముందు ఆగి "ఎల్లొత్తానన్నా" అంది. నేను తల ఎత్తలేదు.

అది వెళ్ళిన మర్నాడు పసుపు తెచ్చాను. నువ్వు తప్పని రుజువు చేద్దామనే తెచ్చాను. తెరిచి కడిగింది తళతళలాడింది. బిగించి కడిగినదాన్ని విప్పి చూస్తే పళ్ళ నిండా పసుపే. ఇంకో రెండింటితో చూశాను. అంతే.

అన్నీ ట్రేలో పెట్టుకుని డాక్టరుగారి ముందు పెట్టాను. ఆయన ఒక్కొక్కటీ తిప్పి చూసి "నేను కూడా చూసి మెచ్చుకున్నాను కదయ్యా" అన్నారు. నా మీద అరవలేదు, అరిస్తే బాగుండేది. సోనికోసం జీపు పంపుతానన్నారు. వద్దు, నేనే వెళ్తానన్నాను. పనికిరావని పక్కన పడేసిన పాత ఫోర్సెప్స్ రెండు అడిగి తీసుకుని నడిచాను.

సోని చోడిచేలో కలుపు తీస్తోంది. అంతా చెప్పాను. అది వంచిన నడుం ఎత్తకుండా విని, చివరికి అంది. "డాక్టరుకి సెప్పినావు, నాకు సెప్పినావు. మా ఊరోలికి ఎవులు సెప్తారు? యర్రమ్మత్త కడుపు నానే కుళ్ళబెట్టానంటన్నారు. నీళ్ళకాడ నా బిందెకి దూరంగా నిలబడతన్నారు."

అందుకని ఊరందరినీ పిలిచి చెప్పాను, నిర్మలా. నాకు నలుగురిలో మాట్లాడటం రాదని నీకు తెలుసు. ఫోర్సెప్స్‌కి పసుపు రాసి, బిగించి కడిగి విప్పాను, తెరిచి కడిగి చూపించాను. తప్పు నాదన్నాను.

యర్రమ్మ పొట్ట పట్టుకుని ముందుకొచ్చింది. ఫోర్సెప్స్ చేతిలోకి తీసుకుని తెరిచింది, మూసింది. "ఇదేనా నా కడుపులోకెల్లింది?" అంది. ఇలాంటిదేనన్నాను. "ఎక్కడ పట్టుకుంది?" అంది. నేను పుల్లతో నేల మీద బొమ్మ గీశాను. చర్మం, కొవ్వు, కండ, నువ్వు చెప్పిన పొర, గర్భసంచి, దాని పక్క రక్తనాళాలు. నన్ను కొట్టడానికి వచ్చినవాళ్ళు కూడా వంగి చూశారు. గాసి తాత "మరి కార్జం ఏ పక్కనుంటాదిరా?" అని అడిగాడు. అదీ గీశాను. అంతసేపూ ఎవరూ నన్ను తిట్టలేదు.

అప్పుడు యర్రమ్మ అంది. "మూడు నెల్లు ఈ నొప్పి పడ్డాను. లోపలేటయిందో ఒక్కలూ సెప్పనేదు. ఇయ్యాల తెలిసింది. నిన్ను మాత్రం బేగి ఒగ్గను ధర్మా." వదలొద్దన్నాను. ఆమె సోని వైపు తిరిగి, "గుంటా, ఇయ్యాల కట్టు మార్చాలి. రా, నువ్వే మార్చు. ఈలందరూ సూడాల" అంది.

ఆడవాళ్ళు చుట్టూ చీర అడ్డం పట్టుకున్నారు. సోని కొంగుతో కళ్ళు తుడుచుకుని, మోచేతుల దాకా సబ్బు రాసుకుని చేతులు చాపింది. చెంబుతో నీళ్ళు నేను పోశాను.

నీ ధర్మ