రాయి మీద ఆ మాట చెక్కించకు

చెల్లెమ్మ అరుణకు,

అన్నయ్య ప్రేమతో వందనాలు. ప్రభువు దయవల్ల ఈ పరదేశంలో, యూ టీ పేటలో నేను బాగానే ఉన్నాను, మోకాలి నొప్పి తప్ప. నువ్వూ, మేనకోడలు కీర్తికా క్షేమమని నమ్ముతున్నాను. దాని లెక్కల పరీక్ష కోసం ప్రార్థన చేశాను, భయపడొద్దని చెప్పు. ఫోన్లో మాట్లాడితే నా గొంతు ప్రసంగంలోకి మళ్ళిపోతుంది. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుతున్నాను.

నువ్వు రెండు సంగతులు అడిగావు. మీ ఆయన రమణ పెట్టెలో ఆ తెల్లచొక్కా ఒక్కటే ఇస్త్రీ చేసి ఎందుకుందని ఒకటి. ఏడాది ప్రార్థనకు ఆయన సమాధి రాయి మీద "చివరి ఆదివారం ప్రభువు బల్లలో పాలుపొందెను" అని చెక్కించవచ్చా అని రెండోది. రాళ్ళు చెక్కే ఆయన శుక్రవారం వస్తాడన్నావు. ఈలోపే నీకు ఇది అందాలి.

వాటికి జవాబు చెప్పాలంటే ముందు జర్మనీ సంగతి చెప్పాలి. కొత్త పంపుల పని నేర్చుకోమని మా ఓడల యార్డు వాళ్ళు పంపారు కదా. ఆదివారం సెలవు. తాతల నాటి నుంచి లూథరన్ గుడిలో పెరిగినవాళ్ళం, విట్టెన్‌బర్గ్‌కి రైలుందని తెలిశాక ఆగుతానా! అక్కడ ఒకమ్మాయి మడత మ్యాపు చేతికిచ్చి, "గైడు అక్కర్లేదు, అంకెల వరస పట్టుకుని నడవండి" అంది. లూథర్ గారి ఇల్లు, పొడుగాటి వీధి, సంత చౌకు. చివరి అంకె, సంఘం తప్పులను ఎత్తిచూపుతూ ఆయన కాగితం రాసి మేకులతో కొట్టాడని చెప్పే ఆ గుడి తలుపు. దాని ముందు మోకాళ్ళూని ఊరంతా వినబడేలా ప్రార్థించాలని బయల్దేరాను.

మధ్యలో ఊరి గుడి వచ్చింది. దాని గోడ మీద, చూరు కింద, ఒక రాతి పంది. దాని పాలు తాగుతూ మనుషులు. పందిని ముట్టని యూదులను ఎగతాళి చెయ్యడానికి ఏడొందల ఏళ్ళ కిందట చెక్కారట. గుడి గోడ మీద, అరుణా! లోపల పంచే రొట్టెను మొదట విరిచినవాడు యూదుడు కాదా? నా ఒళ్ళు మండిపోయింది. బెంచీ మీద ఒక ముసలాయన కూర్చునుంటే, "దీన్ని పీకి పారెయ్యలేదేం?" అని గద్దించాను.

"చెక్కింది మావాళ్ళే కదా" అన్నాడాయన. నేల వైపు చెయ్యి చూపించాడు. చచ్చిపోయిన యూదుల జ్ఞాపకంగా అక్కడ ఒక పలక ఉంది. నేను దాని మీదే నిలబడి అరిచాను.

తలుపు దాకా పోలేదు. తిరిగి రైలెక్కేశాను.

ఎందుకంటే చివరి ఆదివారం రమణ బల్ల తీసుకోలేదమ్మా. నేను తీసుకోనివ్వలేదు.

తప్పులో ఉన్నవాడి ముందు నుంచి రొట్టె పళ్ళెం దాటించడం ఇక్కడి మన సహవాసం క్రమం, నీకు తెలుసు. శనివారం డార్మిటరీలో తాగాడని నాకు చెప్పారు. మేం ఆరాధనకు కూడుకునే తంజోంగ్ పగార్ హాల్లో నలభై మంది ఉన్నారు, పళ్ళెం నా చేతిలో ఉంది. "బావా, నువ్వు నరకం గురించి చెప్తే ఏసీ ఆపేసినట్టుంటదయ్యా" అని నవ్వేవాడు ఆ రోజు నవ్వలేదు. దోసిలి పట్టాడు. "తాగాను బావా, ఒప్పుకుంటున్నా. ఒక్క ముక్క" అన్నాడు. "ముందు బాగుపడు" అన్నాను, అందరికీ వినబడేలా. పళ్ళెం పక్కవాడికిచ్చాను. దోసిలి అలాగే ఉండిపోయింది.

గురువారం పరంజా మీద నుంచి పడ్డాడు. ఆ నాలుగు రోజులూ చుక్క ముట్టలేదని పక్క మంచం మారయ్య చెప్పాడు. వచ్చే ఆదివారానికని ఆ చొక్కా బుధవారమే ఇస్త్రీ చేసి పెట్టుకున్నాడట.

"బల్ల తీసుకున్నాడా అన్నయ్యా?" అని నువ్వు ఫోన్లో ఏడిస్తే, "తీసుకున్నాడమ్మా" అన్నాను. ఆ నోటితోనే ఏడాదిగా వాక్యం చెబుతున్నాను. ప్రభువు తనను అమ్మబోయేవాడికి కూడా తన చేత్తో రొట్టె ముక్క ముంచి ఇచ్చాడు. దాని మీద నేను మూడుసార్లు ప్రసంగించాను!

ఆ మాట చెక్కించకు. నా అబద్ధం రమణ తల దగ్గర నిలబడొద్దు. చెక్కించాలనుకుంటే, దోసిలి పట్టాడని చెక్కించు. అది నలభై మంది చూశారు.

నా ముందు నుంచి పళ్ళెం దాటించమని ఇక్కడి వాళ్ళకు చెప్పాను. కారణం అడుగుతున్నారు. నీ తర్వాతే వాళ్ళకు చెబుతాను. కీర్తికకు ఏం చెప్పాలో నీ ఇష్టం.

ఇట్లు,
పళ్ళెం దాటించిన
నీ అన్నయ్య