నీ పేరున రెండు సంతకాలు

చెల్లెమ్మకు అన్నయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమమని రాయడం మర్యాద గనక రాస్తున్నాను. మీ వదిన మోకాలు మాత్రం క్షేమంగా లేదు. నా నోటికి ఏ జబ్బూ రాలేదు. మీ ఆయనా, పిల్లా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

షాపులో నాన్న కుర్చీ ఉందా అని అడిగావు. ఉంది. అప్పులవాళ్ళు ఎక్కువసేపు కూర్చోకుండా నేను ఒక కాలు పొట్టిగా కోశానే, అదే. ఈమధ్య ఊగడం మానేసింది. మన రబ్బరు స్టాంపుల వ్యాపారం ఎప్పటిలాగే ఈగలు తోలుతోంది.

ఇక ఆడిటరు దొరికాడా అన్నావు. మొదటివాడు మందుల షాపు పైన ఉంటాడు. అడుగు పెట్టగానే, చొక్కా కొలతలు అడిగినట్టు, "ఎంత పన్ను కడదామనుకుంటున్నారు?" అన్నాడు. సున్నా అన్నాను. "కాస్త కష్టం, చూద్దాం" అన్నాడు. నాలాంటివాడు నాకెందుకని వచ్చేశాను. రెండోవాడి గుండె ఎంత గట్టిదో చూద్దామని గొంతు మార్చి, పన్నుల ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానని ఫోన్ చేశాను. మర్నాటి నుంచి ఆఫీసు తెరవలేదు.

మూడో ఆడిటరు ఒకావిడ. బస్టాండు వెనక వీధిలో, ఇంటి ముందు గదే ఆఫీసు. నాలుగు జోకులు వేశాను. పెదవి కదల్లేదు. అప్పుడే లేచి రావలసింది.

షాపు మనిద్దరి పేరున ఉంది కదా. ఆడిటరు కోసమని నువ్వు మొన్న సంతకం చేసి పంపిన కాగితాన్నీ, షాపు ఆరేళ్ళ పాత లెక్కల కాగితాలనూ ఆవిడ పక్కపక్కన పెట్టింది.

"ఈ సంతకం ఎవరిది?"

"మా చెల్లెలిదండీ."

"మరి ఇది?"

"అదీ మా చెల్లెలిదే."

"మీకు ఎంతమంది చెల్లెళ్ళు?"

నీ మార్కుల కార్డు మీద నాన్న సంతకం నేను పెడితే, కడుపు పట్టుకుని నవ్వేదానివి. ఆ చెయ్యే ఇది. షాపు ఈగలు తోలడం నీకు చెప్పే మాట. వచ్చిన లాభంలో సగం నీకిచ్చినట్టు ఆరేళ్ళుగా రాసి, నీ సంతకం నేనే పెట్టాను. నా పన్ను తగ్గుతుందని. నీ చేతికి చిల్లిగవ్వ రాలేదు. నీ పేరున పడిన పన్ను ఎవరూ కట్టలేదు. నోటీసులు షాపుకే వచ్చేవి. మడిచి ఆ కుర్చీ పొట్టికాలి కింద పెట్టాను.

బ్యాంకువాళ్ళు నీ ఇంటి అప్పు కాగితాలు తిప్పి పంపింది అందుకే. మీ ఆయన నీ కాగితాలు ఎక్కడో వాడేసి నీ మీద బాకీ పడేశాడని అనుమానమనీ, అతనితో నెల రోజులుగా మాటలు లేవనీ రాశావు. పాపం అతను ఏమీ చేయలేదు. దానికి నేనేమో, "ఇంకో కాపురం పెట్టాడేమో, జేబులు వెతుకు" అని జవాబు రాశాను. తమాషాకు రాశానంటే నువ్వు నమ్ముతావు. తమాషాకు కాదు. నీ చూపు నా వైపు తిరగకూడదని రాశాను.

ఆవిడ ముందు కూడా నా బుద్ధి పోలేదు. "పాత సంతకం లాగే పెట్టడం మా చెల్లెలికి నేర్పిస్తాను లెండి" అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసింది.

"తన సంతకం తనే మార్చుకోవాలా? ముందు ఆవిడకి ఉన్నదున్నట్టు రాయండి. ఇక్కడే కూర్చుని రాయండి. పోస్టులో నేను వేస్తాను. ఆ తర్వాతే మీ ఫైలు ముట్టుకుంటాను."

నేను ఇది రాస్తుంటే ఎదురుగా కూర్చుని, కవరు మీద నీ చిరునామా తనే రాస్తోంది. నా చేతిరాత మీద నమ్మకం లేదట.

మనిద్దరి తరఫునా తను నిలబడడం కుదరదంది. నువ్వు మీ ఊళ్ళో వేరే ఆడిటర్ని చూసుకో. నాలుగు జోకులు వెయ్యి. నవ్వితే లేచి వచ్చెయ్.

ఈ ఉత్తరం ముందు మీ ఆయనకు చూపించు. కోపంలో చింపెయ్యకు. నీ ఆడిటరు దీన్ని ఆ పాత కాగితాల పక్కన పెడితే, రెండూ ఒకే చేతివని తెలిసిపోతుంది. ఇన్నేళ్ళలో నీకు పనికొచ్చేలా నేను రాసింది ఇదొక్కటే.

ఇట్లు,
నీ అన్నయ్య
(ఇది నా సంతకమే)