తుడిచినట్టున్న పళ్లెం

పిన్నీ,

ఈ విహార ఓడలో జనం ఎంత తింటారో రాయమన్నావు. నాకేం తెలుస్తుంది? కింద పళ్లేలు కడిగేవాణ్ణి, వాళ్లు వదిలేసిందే చూస్తాను. కొరికి వదిలేసిన కేకులు, సగం తాగిన పళ్లరసాలు కొండల్లా వచ్చిపడతాయి. అంత వదిలేసినవాళ్లు గంట తిరక్కుండానే మళ్లీ తినడానికి వరసలో నిలబడతారట!

వాటి మధ్య రోజూ ఒక్క పళ్లెం మాత్రం తుడిచినట్టు వస్తుంది, ఎముకలన్నీ ఓ పక్కకి నెట్టి. ఎవరిదబ్బా అని నాకు ఒకటే ఆరాటం. చివరికి వడ్డించే అతన్నే పట్టుకుని అడిగాను.

"ఓ పెద్దాయనది. ఒకప్పుడు ఈ ఓడలోనే నీ పని చేసేవాడట. ఇప్పుడు టికెట్టు కొనుక్కుని ఎక్కాడు. కింద ఎవరున్నారని ఆయనా రోజూ అడుగుతున్నాడు," అన్నాడు.

రేపు దిగిపోతాడట. ఇవాళ ఆయన పళ్లెం మెషిన్లో పెట్టలేదు పిన్నీ, చేత్తో కడిగాను.

నీ చిన్నోడు