శ్రావణంలో రాని పిలుపు

వరంగల్,
12-7-1987

అక్కకు కమల నమస్కారాలు. ఇక్కడ అమ్మ, అన్న, వదిన, నేను ఉన్నంతలో బాగానే ఉన్నాం. జగిత్యాలలో నువ్వు, బావ, పాప కులాసాగా ఉన్నారని తలుస్తాను.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగావు. తగ్గలేదు. దవాఖానకు రమ్మంటే "జర వాన తెరిపియ్యనీ" అంటుంది. నా డిగ్రీ ఫలితాలు వచ్చాయి, ఫస్ట్ క్లాసే. ఎవరికీ చెప్పుకోవాలనిపించలేదు.

ఈ శ్రావణంలోనైనా అన్న నిన్ను పుట్టింటికి పిలిచి ఒడిబియ్యం పోస్తాడా అని అడిగావు. పెళ్లయి ఐదేళ్లు నిండుతున్నాయని, మీ అత్తమ్మ "మీ పుట్టింటోళ్లు నిన్ను మరిచిన్రా ఏంది?" అని ఎత్తిపొడుస్తున్నదని రాశావు. ఆ ఉత్తరానికి వారం రోజులుగా జవాబు రాయలేకపోయాను.

కొత్త చట్టం ప్రకారం, పెళ్లికాని నాకు తాతలనాటి ఇత్తడి సామాన్ల దుకాణంలో అన్నతో సమానంగా వాటా ఉందట. నీకు ముందే పెళ్లయింది కనుక అది వర్తించదు. నీకు రావలసిన కొద్దిపాటి పాలు కూడా వద్దని బాపు సంవత్సరీకంనాడే సంతకం పెట్టి వెళ్లావు.

పోయిన ఆదివారం అన్న నా ముందూ అలాంటి కాగితమే పెట్టాడు. పక్కింటి లక్ష్మీనర్సమ్మత్త కూడా వచ్చి కూర్చుంది.

"దుకాణంల కూసోని గిన్నెలమ్ముతవా ఏందే? రేపు నీ మొగడొచ్చి తాళంచెవులు అడుగుతడు," అని నవ్వింది. వదిన నవ్వలేదు.

"పెట్టను అన్నా," అన్నాను. అన్న మళ్లీ అడిగాడు. మళ్లీ అదే అన్నాను.

"తాతలు సంపాదించింది నేనొక్కన్నే మింగుతున్ననా? పెద్దదానికున్న బుద్ధి నీకు లేకపాయె," అని కాగితం మడుచుకొని వెళ్లిపోయాడు.

అక్కా, ఇంతవరకూ రాసింది చెప్పడం కష్టం కాదు. ఆ ఆదివారానికి రెండు రోజుల ముందే అన్న నాతో అన్నాడు: "నువ్వు సంతకం పెడితే శ్రావణంల అక్కను పిలుస్తం. లేకుంటే ఈ ఇంట్ల ఆడిబిడ్డల ఒడిల బియ్యం పోసుడు ఉండది." బాపు లేడు కనుక పోయవలసింది అన్నా వదినలే. ఇదంతా తెలిసే నేను పెట్టనన్నాను. నేనూ బాపు బిడ్డనేనని మొదటిసారి ఆ చట్టంలో రాసి ఉంది. దాన్ని నా చేత్తో కొట్టేయలేకపోయాను. నీకోసమైనా.

నీ ఒడిబియ్యానికని పక్కన పెట్టిన సన్నబియ్యాన్ని అమ్మ నిన్న ఇంటి బియ్యంలో కలిపేసింది.

అన్న వస్తాడని ఎదురుచూడకు. మీ అత్తమ్మ అడిగితే నా పేరే చెప్పు. నామీద కోపం వస్తే ఆ కోపమే రాయి. ఉత్తరం మాత్రం మానకు.

ఇట్లు,
నీ చెల్లె
కమల